గర్భసంచి ఆపరేషన్ అనే చెప్పాం

"ఎన్నో నెలమ్మా?" అని అడిగిన ఆమెకి ఆ రోజు రెండు పట్టుచీరలు అమ్మాను. నవ్వుతూనే అమ్మాను. కొట్లో కూర్చున్నాక కొనేవాళ్ళ ముందు మొహం మాడ్చుకోకూడదని మా మామగారు బతికుండగా నేర్పిన పాఠం అది. ఆమె మెట్లు దిగగానే స్టాకు గదిలోకి వెళ్ళి అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడ్డాను. నాకు నలభై ఒకటి. పిల్లలిద్దరూ గుంటూరు హాస్టళ్ళలో ఉన్నారు. రెండు కాన్పులూ పెద్దాపరేషనే. పొట్ట మాత్రం ఇంకా మూడోవాడి కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంది.

ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె కాదు. ఒకావిడైతే దీవించి మరీ పోయింది. పొద్దున్నే నడిచాను, రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను. ఒళ్ళు తగ్గింది. చర్మం తగ్గలేదు. బొడ్డు కింద మడతపడి వేలాడుతూ ఉండిపోయింది. మాచర్లలో మాది బట్టల కొట్టు, ఆడవాళ్ళ చీరలన్నీ నేనే చూసుకుంటాను. చీరను భుజాన వేసుకుని, కుచ్చిళ్ళు పట్టి చూపిస్తేగాని ఎవరూ కొనరు. నేను వేసుకుంటే కొనేవాళ్ళ కళ్ళు చీర మీంచి జారి నా పొట్ట మీద ఆగేవి. అందుకని నాకు బదులు ఉషను నిలబెట్టడం మొదలుపెట్టాను. ఉష మా కొట్లో పదేళ్ళుగా పనిచేస్తోంది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఉష భుజాన గోనెపట్టా వేసినా అమ్ముడుపోతుందని నేనే ఎగతాళి చేసేదాన్ని. ఆ ఎగతాళిలో కుళ్ళు ఎంత ఉందో నాకు తెలుసు.

హైదరాబాదులో పొట్ట చర్మం కోసి, లాగి కుడతారని ఫోన్‌లో చూసి మా ఆయనకు చెప్పాను. ఆదినారాయణ గారు ఏ సంగతికైనా ముందు బజారు ఏమనుకుంటుందో ఆలోచిస్తారు.

"ఎవరికన్నా తెలిస్తే నవ్వుతారు వల్లీ" అన్నారు. వద్దని మాత్రం అనలేదు.

"గర్భసంచి తీయించామని చెప్దాం. మన బజార్లో ఆ ఆపరేషన్ కాని ఇల్లేది?"

ఆ మాట అన్నది నేనే. ఆయన బాగానే ఉందన్నారు. ఆషాఢంలో మాకు పెద్దగా బేరాలుండవు. ఆ నెల మొదట్లో చేయించుకుంటే శ్రావణానికి లేచి తిరగొచ్చని డాక్టరమ్మ కూడా భరోసా ఇచ్చింది.

ఆపరేషన్ అయ్యి ఇంటికి వచ్చేసరికి మా అత్తయ్య కృష్ణకుమారి గారు ఎర్రనీళ్ళ పళ్ళెంతో వాకిట్లో నిలబడి ఉంది. నేను నడుముకు బెల్టు బిగించుకుని, వంగి వంగి కారు దిగాను. కుట్లు లాగకుండా కొన్నాళ్ళు వంగే నడవమని డాక్టరమ్మ చెప్పింది.

"అట్టా వంగమాకే. నిటారుగా నడువు. నాకప్పుడు రెండో రోజే నిలబెట్టి నడిపిచ్చారు" అంది అత్తయ్య.

అత్తయ్యకు పాతికేళ్ళ కిందట నిజంగానే గర్భసంచి తీశారు. ఈ ఆపరేషన్ సంగతి ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అబద్ధం ఆడేటప్పుడు ఆ ముక్క నాకు తట్టకపోవడం నా ఖర్మ. నేను నడుము నిటారుగా చేయబోతే ప్రాణం పోయినంత పనైంది.

ఆ సాయంత్రం నుంచే పథ్యం మొదలైంది. పప్పు తింటే కుట్టు చీము పడుతుంది. వంకాయ దురద పుట్టిస్తుంది. గోంగూర పేరెత్తకూడదు. పెరుగు పచ్చిపుండుకు పడదు. పాలు టీలో కలిపినన్ని చాలు. ఇవన్నీ పోగా వెల్లుల్లి కారం, పొట్లకాయ వేపుడు, మిరియాల చారు, బ్రెడ్డు మిగిలాయి. గుడ్డూ మాంసం మా కోమట్ల ఇళ్ళలోకి ఎలాగూ రావు. పప్పూ పెరుగూ తీసేశాక మా కంచంలో బలం అనదగ్గది ఏమీ ఉండదు. ఆ సంగతి అప్పుడు నేనూ ఆలోచించలేదు.

అత్తయ్యకు ముద్దపప్పు, కొత్తావకాయ లేకపోతే అన్నం తిన్నట్టుండదు. అలాంటిది నా పక్కనే కూర్చుని కారం అన్నమే కలుపుకుంది.

"మీరెందుకత్తయ్యా? మీరు తినండి" అన్నాను.

"నీ ముందర కూర్చొని పప్పు తింటే నాకు ముద్ద దిగిద్దా? పుండు మాననీ, ఇద్దరం ఒకేసారి తిందాం."

నాకు ఆ రోజు నిజంగానే ముద్ద దిగలేదు. నొప్పి వల్ల అనుకుని మా అత్తయ్య నా వీపు నిమిరింది.

చూడ్డానికి వచ్చేవాళ్ళు బ్రెడ్డు పొట్లాలు, యాపిల్ కాయలు పట్టుకొచ్చేవాళ్ళు. మంచం పక్కన కుర్చీ లాక్కుని ఎవరి కథ వాళ్ళు చెప్పేవాళ్ళు. ఒకామెకు ఏళ్ళ తరబడి రక్తస్రావం. ఒకామె చెల్లెలు సంచిలో క్యాన్సరుతో పోయింది. ఆ మాట చెబుతూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నీకు ముందే తెలిసింది, అదృష్టవంతురాలివి తల్లీ" అంది. అందరి బాధలూ నిజం. నేనొక్కదాన్నే వాళ్ళ మధ్యలో దొంగలా పడుకుని, వాళ్ళు కోసిచ్చిన యాపిల్ ముక్కలు తిన్నాను.

కుట్లు తీశాక సరిగ్గా నడిమధ్యన ఒకచోట తడి కనిపించింది. చూస్తుండగానే అక్కడ నోరు తెరుచుకుంది. మొదట వేలిగోరంత ఉండేది, తర్వాత రూపాయి బిళ్ళంత అయింది. మా ఆయన పొద్దున కొట్టు తెరవబోయే ముందు గది తలుపు గడియపెట్టి కట్టు మార్చేవారు. చూడకుండానే గజం బట్ట తిన్నగా చించే మనిషికి బెత్తెడు గాజుగుడ్డ కూడా తిన్నగా తెగేది కాదు. కట్టు కట్టడం అయ్యాక ఆయన చేతులు రెండుసార్లు కడుక్కునేవారు. నా కోసం చేస్తున్నారని తెలిసి కూడా ఆ నీళ్ళ చప్పుడు వింటుంటే నా ఒంటి మీద నాకే అసహ్యం వేసేది. అందం కోసం పోయి, మొగుడి ముందు చీర విప్పుకోవడానికి సిగ్గుపడే స్థితి తెచ్చుకున్నాను.

ఫోటోలు పంపితే డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించమంది. చేయించి పంపాను. ఫోన్ చేసి గట్టిగానే అడిగింది.

"ఏం తింటున్నారమ్మా మీరు? ఒంట్లో ప్రొటీన్ ఇంత తక్కువుంటే గాయం దేంతో పూడాలి? పప్పు తినండి, పెరుగు, పనీర్, పాలు. గుడ్డు తినగలిగితే మరీ మంచిది. లేకపోతే ఇది ఇంకా తెరుచుకుంటుంది."

వంటింట్లోకి వెళ్ళి మెల్లగా అన్నాను. "అత్తయ్యా, డాక్టరమ్మ పప్పు తినమంటోంది."

ఆమె పొట్లకాయ తరుగుతున్న కత్తిపీట ముందు నుంచి తలెత్తింది. "ఏ డాక్టరే ఆమె? పచ్చిపుండు మీద పప్పు తినమన్నోళ్ళని నేనెక్కడా చూడలా. ఫోన్ కలిపియ్యి, నేను మాట్టాడతా. గర్భసంచి తీసిన కుట్టు ఇన్నాళ్ళు మానకపోవడం ఏందో అది కూడా అడుగుతా."

ఫోన్ నా చేతిలోనే ఉంది. కలిపిస్తే ఒక్క నిమిషంలో అంతా బయటపడుతుంది.

"వద్దులే అత్తయ్యా. మీరు పెట్టిందే తింటాను" అన్నాను.

ఆమె మొహం వెలిగింది. కోడలు డాక్టరు మాట కాదని తన మాట విన్నందుకు ఆ సాయంత్రం వాళ్ళ అక్కయ్యకు ఫోన్ చేసి చెప్పుకుంది కూడా. మా ఆయన చాటుగా ఒకసారి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చారు. పొట్లం వాసన పట్టి అత్తయ్య లాక్కుంది. వంటింట్లోంచి ఆమె కదిలేది కాదు, నేను నోరు తెరిచేదాన్ని కాదు. పుండు కన్నా నాకు పరువే ఎక్కువైంది.

శ్రావణం వచ్చేసింది. మా ఇల్లు కొట్టు పైనే. కింద జనం రద్దీ, చీరల కోసం అరుపులు, మా ఆయన గొంతు అన్నీ పైకి వినిపించేవి. ఆ సందట్లో నేను ఉండాల్సింది. గదిలో బెల్టు బిగించుకుని, ఫ్యాను కింద పడుకుని, వాసన వస్తోందేమోనని మాటిమాటికీ అగరొత్తులు వెలిగించుకునేదాన్ని. ఉష అప్పుడప్పుడు పైకి వచ్చి, "ఎట్టుందక్కా?" అని అడిగి, నా మొహం పరీక్షగా చూసి వెళ్ళేది. అభిమానం అనుకున్నాను.

వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు మధ్యాహ్నం ఉష కొట్లో పడిపోయింది. పైన ర్యాకులోంచి చీర తీస్తూ తీస్తూ కూలబడిపోయిందట. మా ఆయనా ఇంకో ఇద్దరూ పట్టుకుని మా గదిలోకి తీసుకొచ్చి, నా మంచం మీదే పడుకోబెట్టారు. నేను కుర్చీలోకి మారాను. అత్తయ్య గ్లూకోజు నీళ్ళు కలిపి తాగించింది. ఉష పెదాలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. కంటి కింది రెప్ప లాగి చూస్తే చుక్క ఎరుపు లేదు.

"ఏందే ఇది? ఎప్పట్నించి?" అన్నాను.

"చానాళ్ళ నించి రక్తం పోతానే ఉంది అక్కా. ఒక నెల ఆగదు. నరసరావుపేట పోయి చూపిచ్చుకున్నా. సంచిలో గడ్డలున్నయ్యంట. తీసెయ్యాలన్నారు. ఒంట్లో రక్తం చానా తగ్గిపోయింది, ఇంకా ఆగితే ప్రాణానికే మంచిది కాదని తిట్టారు. తేదీ గూడా ఇచ్చారు."

"ఎప్పుడు?"

"అయిపోయింది. నేనే పోలా."

"ఎందుకు పోలేదు?"

ఉష నా నడుము వైపు చూసింది. నా చెయ్యి తెలియకుండానే బెల్టు మీదికి పోయింది.

"నిన్ను చూశాగా అక్కా. అక్కకెట్టుంటదో చూసి పోదామనే ఆగా. హైదరాబాదులో అంత పెద్ద ఆసుపత్రిలో చేయించుకున్న నీకే మానలా. నీకంటే కట్టు కట్టడానికి అన్న ఉన్నాడు, పథ్యం చూడ్డానికి పెద్దమ్మ ఉంది. మా అమ్మ కూలికి పోకపోతే పొయ్యి ఎలగదు. పుండుతో మంచాన పడితే నా పిల్లల్నెవరు చూస్తారు? రక్తం పోతే పోయింది, లేచి తిరగతన్నా గదా."

"నేనూ అదే చెప్పా" అంది అత్తయ్య, గ్లాసు తుడుస్తూ. "తొందరపడమాక. కారంపూడి కాడ పసరుమందు ఇచ్చే ఆయనున్నాడంట, ముందు అది వాడి చూడు. కోయించుకుంటే ఎట్టుంటదో మా కోడల్ని చూడు, మనిషి సగమైంది."

ఉష తల ఊపింది. లేచి కూర్చుని పైట సర్దుకుంది. కిందికి వెళ్ళిపోవాలని, బేరాలు పాడవుతున్నాయని అంది. తడబడుతూ చెప్పులు వెతుక్కుంటోంది.

అత్తయ్యను ఏదో వంక పెట్టి బయటికి పంపి, ఉషతో ఒంటరిగా మాట్లాడదామా అని ఒక్క క్షణం ఆలోచించాను. ఆ ఆలోచనకు కూడా సిగ్గుపడుతున్నాను. ఉష ఒక కాలికి చెప్పు తొడుక్కుంది.

"ఉషా, నాకు గర్భసంచి తీయలేదు."

ఇద్దరూ నా వైపు చూశారు. కింద ఎవరో నీలంచీర కావాలని గట్టిగా అడుగుతున్నారు.

"పొట్ట తగ్గడానికి చేయించుకున్నా. బాగా కనబడాలని. నా సంచి నాకు అట్టాగే ఉంది. నాది వేరు, నీది వేరు."

మాటలతో నమ్మదని చీర తప్పించి బెల్టు విప్పాను. నడుము ఈ పక్క నుంచి ఆ పక్క దాకా గీత, మధ్యలో కట్టు. మా ఆయన తప్ప ఎవరూ చూడని పొట్ట అది. "నీకు ఇంత కోత ఉండదు. నాది మానకపోవడానికి ఆపరేషన్ కారణం కాదు. డాక్టరు తినమన్నవి నేను తినలా. పప్పు తినమంది, పాలు తాగమంది. తింటే అందరికీ చెప్పాల్సి వచ్చిద్దని తినలా. నువ్వు నన్ను చూసి ఆగమాక."

ఉష ఆ గీతను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఏ రోగమూ లేకుండానే కోయించుకున్నావా అక్కా?" అంది.

ఎగతాళిగా అడిగి ఉంటే ఓర్చుకునేదాన్ని. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. రోగం ఉండి కత్తికి భయపడుతున్న మనిషి, రోగం లేకుండా కత్తి దగ్గరికి నడిచి వెళ్ళిన మనిషిని చూస్తోంది. నేను తల దించుకుని బెల్టు బిగించుకున్నాను. పట్టీ సరిగ్గా అంటుకోలేదు. ఉషే వంగి అంటించింది.

అత్తయ్య గ్లాసు పట్టుకుని నిలబడే ఉంది. తిడుతుందనుకున్నాను.

"మరి నేను చెన్నకేశవస్వామికి మొక్కుకున్నా గదే" అంది. "నీ పుండు మానితే గుడి చుట్టూ పొర్లుదండాలు పెడతానని."

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. మోకాళ్ళ నొప్పులతో మా మెట్లే ఎక్కలేదు. నేను ఏదో అనబోయాను. ఆమె వినకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పండగ ఆమె ఒక్కతే చేసుకుంది. మధ్యాహ్నం నా గదిలోకి కంచం వచ్చింది. ముద్దపప్పు, నెయ్యి, పక్కన గిన్నెలో పెరుగు. కంచం స్టూలు మీద పెట్టి, నా వైపు చూడకుండా తలుపు దగ్గర ఆగింది.

"చీము పడితే నన్ననొద్దు" అని వెళ్ళిపోయింది.

శ్రావణమంతా అలాగే గడిచింది. పూట తప్పకుండా పప్పు వచ్చేది, పాలు వచ్చేవి. మాట మాత్రం రాలేదు. ఆమె ముందే తినేసేది. ఇద్దరం ఒకేసారి తిందామన్న మనిషి నా ఎదుట కూర్చోవడమే మానేసింది. మా ఆయన మధ్యలో పడి ఇద్దరికీ సర్దిచెప్పబోయి, ఇద్దరి చేతా తిట్లు తిన్నారు.

పుండు అడుగు నుంచి ఎర్రగా పూడుతూ వచ్చింది. నేను మాత్రం ఇంకో దాని కోసం ఎదురుచూస్తున్నాను. ఉష నోట్లోంచి సంగతి బజారుకు ఎక్కుతుందని, యాపిల్ కాయలు తెచ్చినవాళ్ళంతా నన్ను చూసి నవ్వుతారని రోజూ అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. కనపడ్డవాళ్ళు, "సంచి తీశాక నడుంనొప్పి వచ్చిద్ది, జాగ్రత్త" అని చెప్పి పోతున్నారు. ఉష ఎవరికీ చెప్పలేదు. చెబుతుందని అనుమానించినందుకు మళ్ళీ సిగ్గుపడ్డాను.

శ్రావణం చివర్లో ఉష నరసరావుపేట వెళ్ళింది. ముందు రక్తం ఎక్కించి, తర్వాత ఆపరేషన్ చేశారు. బాగా జరిగిందని తెలిసి చూసి వద్దామని కారు ఎక్కాను. అత్తయ్య బయటికి కట్టుకునే చీర కట్టుకుని, పళ్ళ బుట్ట పట్టుకుని వచ్చి, పిలవకుండానే పక్కన కూర్చుంది. గురజాల దాటేదాకా కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చుంది.

"బెల్టు కట్టుకున్నావా?" అంది.

"కట్టుకున్నా అత్తయ్యా."

అంతే. మళ్ళీ చేలు చూసింది.

పెద్ద వార్డు. వరసగా మంచాలు, మంచానికి ఇద్దరు ముగ్గురు చొప్పున మనుషులు. ఉష చేతికి సెలైను పెట్టి ఉంది. మొహం ఇంకా పాలిపోయే ఉన్నా కళ్ళు తేటగా ఉన్నాయి. మంచం పక్కన వాళ్ళమ్మ జీవరత్నం బైబిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి నా రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, మీ కుట్టు మానిందా? మా ఉషక్కూడా మీ ఆపరేషనే గదా. మీకు నెలల తరబడి మానలేదని ఇన్నా. అప్పట్నించి నాకు కాలూ చెయ్యీ ఆడట్లా. అన్నం పెట్టాలన్నా భయంగా ఉంది."

కన్నతల్లికి కూడా చెప్పలేదు ఉష. చుట్టూ మంచాల మీద ఆడవాళ్ళందరూ ఆపరేషన్ అయినవాళ్ళో, కావలసినవాళ్ళో. మాటలు ఆపి నా జవాబు కోసం చూస్తున్నారు. గదిలో ఇద్దరికి చెప్పిన మాట ఇక్కడ ఇంతమందికీ చెప్పాలి.

"జీవరత్నమ్మా, నాది అసలు..."

"మానిందే అమ్మా" అంది ఉష పడుకునే. "ఆమెదీ ఇదే. ఎట్టా నిలబడిందో చూడు." నా వైపు చూడకుండా, సెలైను సీసా వైపు చూస్తూ అంది.

జీవరత్నం భయం తీరలేదు. అత్తయ్య వైపు తిరిగింది. "మరి అన్నాళ్ళెందుకు పట్టింది పెద్దమ్మా?"

అత్తయ్య పళ్ళబుట్ట మంచం కింద పెట్టింది. నడుము పట్టుకుని మెల్లగా లేచింది.

"నా వల్లే. పథ్యమని పప్పు తిననియ్యలా. పాలు తాగనియ్యలా. డాక్టరు తినమన్నా నేనే పడనియ్యలా. ముసలిదాన్ని, నాకేం తెలుసు? నువ్వట్టా చేయమాక. పప్పు పెట్టు, గుడ్లు పెట్టు. తొరగా మానిద్ది."

జీవరత్నం గుండెల మీద చెయ్యి వేసుకుని దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. అవతల మంచం దగ్గర ఎవరో నోరు నొక్కుకున్నారు. "అత్తలంటే ఇంతే" అని ఇంకెవరో గొణిగారు. అది అత్తయ్యకు వినిపించింది. చీర చెంగుతో మొహం తుడుచుకుని, కిటికీ వైపు తిరిగింది.

అడ్డుపడింది ఆమె కాదని, నోరు విప్పని నేనేనని చెప్పాలి. నా కోసం వారాల తరబడి ఆమె కూడా కారం మెతుకులే తిన్నదని చెప్పాలి. నా అంత సిగ్గుమాలిన మనిషి ఆ వార్డులో లేదనిపించింది.

పక్క మంచం ఆమె జాలిగా నా చెయ్యి తట్టింది. "నిజంగా పప్పు గూడా పెట్టలేదా తల్లీ, మీ అత్త?"

అవునన్నట్టు తలూపాను.